గుర్రాల దగ్గర కాపలా

మా ఇంట్లో ఎవరైనా రావలసిన చోటికి రాకపోతే వాళ్ళు గుర్రాల దగ్గర ఉన్నారంటాం. పెళ్ళికి మొహం చాటేసిన పెద్దనాన్న గుర్రాల దగ్గర ఉన్నాడు. పొద్దున్నే వస్తానని మాటిచ్చిన కరెంటు మనిషి గుర్రాల దగ్గర ఉన్నాడు. బయటివాళ్ళకిది తలాతోకా లేని మాట. మేము ఈ మాట అనుకుంటూనే పెరిగాం. చివరికి అదే మా మెడకు చుట్టుకుంది.

ఇది నాన్న పెట్టిన పద్ధతి. నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నా చిన్నప్పుడు ఆయనతో పనిచేసే ఒకాయన ఇల్లు మారుతూ, మోయలేక, ఒక అట్టపెట్టె మాకు అంటగట్టి వెళ్ళాడు. అందులో రంగురంగుల పాచికలూ, ఎలుకలు కొరికిన నియమాల పుస్తకమూ ఉన్నాయి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. రాక్షసుడు ఎదురొచ్చాడు, ఏం చేస్తావని కథ నడిపేవాడు అడుగుతాడు. నువ్వు చెప్పిన పని అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పుస్తకంలో ఎలుకలు మిగిల్చింది తక్కువ కాబట్టి తక్కినదంతా నాన్నే కల్పించాడు. ఆయన పుణ్యమా అని మా కథల్లో గుహలన్నీ నిట్టనిలువుగా ఉండేవి. రాక్షసులందరూ లిఫ్టు గోతుల్లోనే కాపురాలు పెట్టేవాళ్ళు.

అన్నయ్య గొడ్డలి పట్టిన వీరుడు. నేను దొంగను. పెళ్ళయ్యాక వదిన విలుకత్తెగా వచ్చి చేరింది, చేరిన మొదటి ఆదివారమే నా దొంగ కాలికి బాణం వేసింది. పొరపాటున తగిలిందని ఇప్పటికీ అంటుంది, నేను ఇప్పటికీ నమ్మను. ఎవరైనా ఆటకు రాలేకపోతే వాళ్ళ మనిషి పైన గుర్రాలకు కాపలా ఉన్నట్టూ, మిగిలినవాళ్ళు గోతిలోకి దిగినట్టూ లెక్క. గుర్రాల దగ్గర ఉన్నవాడి జోలికి ఎవరూ రారు. వాడికి ఏమీ కాదు. ఇది నాన్న శాసనం. కాపలా మారడానికీ ఒక పద్ధతి ఉండేది. తర్వాతివాడు వచ్చి, "నీ వంతు అయింది, పడుకో, నేను చూసుకుంటా" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పేదాకా మొదటివాడు పడుకోకూడదు. అన్నయ్య దీన్ని మహా నిష్ఠగా పాటించేవాడు. మేము చెప్పడం మరిచిపోతే తర్వాతి యుద్ధమంతా ఆవలిస్తూ చేసి మా ప్రాణం తీసేవాడు.

ఆటకు బొమ్మలు నేను పోశాను. నాది కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో పని. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఎవరివో చిగుళ్ళూ దవడలూ తీసి, వాటి మీద పళ్ళు కడతాం. మిగిలిన ప్లాస్టర్‌తో వేలెడంత మనుషుల్ని చేసేదాన్ని. నిలబడక పడిపోతుంటే ఒక్కొక్కరి కాళ్ళ కింద గుండ్రంగా చిన్న పీట పెట్టాను. గొడ్డలి బరువుకు అన్నయ్య బొమ్మ ముందుకు తూలుతుంటే దాని పీట మాత్రం మందంగా పోశాను.

ఆఖరుసారి ఆడినప్పుడు అన్నయ్య రాలేదు. రోడ్లు ఊడ్చే బండి నడిపేవాడు, ఆ ఆదివారం డ్యూటీ పడింది. గొడ్డలివీరుణ్ణి గుర్రాల దగ్గర వదిలేసి మేం గోతిలోకి దిగాం. తర్వాత వదినకు నెలలు నిండాయి, నాకు షిఫ్టులు మారాయి, పెట్టె నాన్న మంచం కిందికి పోయింది. ఆపేద్దామని ఎవరూ అనలేదు. అలా ఆగిపోయింది, అంతే. ఆటలో అన్నయ్య గుర్రాల దగ్గరే ఉండిపోయాడు.

పుట్టిన పాపను అన్నయ్య పిడుగు అని పిలిచాడు, మా అందరికీ అదే పేరు అలవాటైంది. అది బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదే అన్నయ్యకు కాలేయం పాడైంది. ఆస్పత్రిలో అద్దాల తలుపులు దాటి పిల్లల్ని రానివ్వలేదు. తను నడిచి వెళ్ళిన ఆ తలుపుల్లోంచి అన్నయ్య తిరిగి నడిచి రాలేదు.

ఇప్పుడు పిడుగు రెండో తరగతి. వదిన హోటళ్ళ దుప్పట్లు ఉతికే కంపెనీలో మడతలు పెట్టే పనిచేస్తుంది. ఆమె డ్యూటీ దిగేదాకా పిల్ల నా ల్యాబ్‌లో కూర్చుంటుంది. ఒకరోజు నేను ఎవరిదో కింది దవడను రంపంతో కోస్తుంటే పక్కన చేరి అడిగింది.

"అత్తా, తాతయ్య మంచం కింద పెట్టె చూశాను. ఆ ఆట మళ్ళీ ఆడదామా?"

"ఆడేవాళ్ళు ఎవరున్నారే ఇప్పుడు?"

"నేనున్నా. నువ్వున్నావ్. ఆడుతూ ఆడుతూ గుర్రాల దగ్గరికి వెళ్ళొచ్చు కదా?"

"గుర్రాల దగ్గర నీకేం పని?"

"నాన్న అక్కడే ఉన్నాడుగా. తాతయ్య చెప్పాడు."

రంపం ఆపేశాను. దవడను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఎలా అడగాలో తెలియక సూటిగానే అడిగాను. "నాన్న చనిపోయాడు. అమ్మ చెప్పింది కదా నీకు."

"చెప్పింది. తెలుసు." నేనేదో కూడిక తప్పు చేసినట్టు ఓపిగ్గా చూసింది నన్ను. "అది ఇక్కడ. అక్కడ గుర్రాల దగ్గరున్నవాళ్ళకి ఏమీ కాదు. అది రూలు."

నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం పిల్లను వదినకు అప్పగించి నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళాను. నాలుగో అంతస్తులో ఒక్క గది, వంటిల్లు. రిటైరైనా ఆయన చెవి మాత్రం రిటైరు కాలేదు, గోడ అవతల లిఫ్టు కదిలితే మాట మధ్యలో ఆపేసి వింటాడు. ఆ రోజూ తలుపు గొళ్ళేనికి నూనె వేస్తూ నేను చెప్పిందంతా విన్నాడు.

"ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు. నాన్న ఏడీ, నాన్న ఏడీ అని. ఏం చెప్పమంటావు నన్ను? నోటికొచ్చింది చెప్పాను."

"పోయాక?"

"పోయాక కూడా అదే అడిగింది. అప్పటికే చెప్పేశానుగా."

"మరి ఇప్పుడు గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళమంటోంది. ఏం చెప్తావ్?"

లిఫ్టు కిందికి వెళ్ళింది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు. "ఆడదాం. ఆడకపోతే ఊరుకోదు. మీరు గోతిలో ఉన్నారు కదా అప్పుడు. నేను పైకి రానిస్తేగా మీరు గుర్రాల దగ్గరికి వెళ్ళేది."

వదినకు చెప్పక తప్పలేదు. ఆమె అరవలేదు, అరిస్తే బాగుండేది. "రాత్రి తలుపుకు గొళ్ళెం పెట్టనివ్వట్లేదు ఎందుకా అనుకుంటున్నాను, వాళ్ళ నాన్న వస్తాడనన్నమాట," అంది. "నేను పెడతాను, అది నిద్ర నటించి లేచి, కుర్చీ వేసుకుని తీసేస్తుంది. పోట్లాడి పోట్లాడి మానేశాను. తలుపుకు స్టూలు అడ్డం పెట్టి పడుకుంటున్నాం." తర్వాత అంది: "మామయ్యగారు తన నోటితో అన్నారు. ఆయనే దిద్దుకోవాలి. పిల్లను తీసుకొస్తాను, ఆ బల్ల దగ్గర మాత్రం నన్ను కూర్చోమనకు."

అలా నాన్న గదిలో ఆట మళ్ళీ మొదలైంది. బల్ల మీద గుహలూ గోతులూ గీసిన పాత పటం పరిచాం, మడతల దగ్గర చిరిగిపోయింది. పాచికల్లో ఒకటి కనపడలేదు. నా దొంగ బొమ్మ కాలి మీద వదిన బాణానికి గుర్తుగా గీసిన గీత ఇంకా ఉంది. పిడుగు తన మనిషిని ఎంచుకోవడానికి ఆలోచించనే లేదు. "నేను గోడలెక్కేదాన్ని" అంది. నాన్న నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఒకప్పుడు ఆయన కథ చెబుతుంటే అన్నం కూడా మరిచిపోయేవాళ్ళం. ఇప్పుడు గొంతులో ఆ జోరు లేదు. అలవాటు మీద చెప్పుకుపోతున్నాడు. గోతి అడుగున ఇనుప తలుపు, దాని వెనక మెట్లు, మెట్ల కింద మరో గొయ్యి. పిల్ల పైకి వెళ్దామన్నప్పుడల్లా కింద ఏదో వెలుగు కనిపించేది, ఎవరో రక్షించమని కేకవేసేవాళ్ళు. మేము దిగుతూనే ఉన్నాం. వారం వారం దిగాం. ఆ పాతాళంలో చీకటి తప్ప చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు. రాక్షసులు కూడా వచ్చి, రెండు దెబ్బలు తిని, మొక్కుబడిగా చచ్చిపోయేవాళ్ళు. నాలో నేను విసుక్కునేదాన్ని. కానీ ఆపమని అనలేదు, నా దగ్గరా వేరే దారి లేదు.

వదిన మంచం మీద కూర్చుని నాన్న ఉతికిన బట్టలు మడతపెట్టేది. ఆమె చేతులు ఊరుకోవు, ఎదురుగా గుడ్డ కనపడితే మడత పడాల్సిందే. మా వైపు చూసేది కాదు. కాని మడతపెట్టిన తువ్వాలే మళ్ళీ విప్పి మడతపెడుతుండటం నేను చూశాను.

ఈ మధ్యలో ఆ బిల్డింగ్ లిఫ్టు చెడిపోయింది. బాగుచేయడానికొచ్చిన కుర్ర మెకానిక్‌లకు ఉచిత సలహాలివ్వడానికి నాన్న కిందికి వెళ్తూ మనవరాల్నీ వెంటబెట్టుకెళ్ళాడు. అన్నయ్య పోయాక ఆయన మొహంలో వెలుగు చూసింది ఆ ఒక్క రోజే. గొయ్యి చూపించాడట. గోడకున్న ఇనుప నిచ్చెన చూపించాడట. పిడుగు పైకొచ్చి నాకంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నేను విని ఊరుకున్నాను. నా బుర్రకు ఏమీ తట్టలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం. నాన్న కొత్త గోతిలోకి దింపాడు మమ్మల్ని. నాలుగు పక్కలా నున్నటి గోడలు, పైన దూరంగా చిల్లంత వెలుగు, కింద మరో తలుపు.

"తలుపు తెరుస్తావా?" అన్నాడు.

"తెరవను. నిచ్చెన వెతుకుతా" అంది పిడుగు.

"ఇక్కడ నిచ్చెన..."

"ఉంటుంది తాతయ్యా. నిచ్చెన లేని గొయ్యి ఉండదని నువ్వే చెప్పావుగా. మనిషి దిగాక పైన తలుపు పడిపోతే ఎలా వస్తాడు, చచ్చిపోడూ అన్నావు."

నాన్న పాచికను గుప్పెట్లో పట్టుకుని కూర్చుండిపోయాడు. రాక్షసుల గురించి ఆయన ఎన్ని అబద్ధాలైనా చెప్పగలడు. దయ్యాలకు పెళ్ళిళ్ళు చేయగలడు. కాని జన్మంతా గోతుల్లో దిగి ఎక్కిన మనిషి, నిచ్చెన లేని గొయ్యి ఉందని ఆ పిల్ల మొహం మీద చెప్పలేకపోయాడు.

"ఉంది," అన్నాడు. "కుడివైపు గోడకి. ఇనుప మెట్లు."

"ఎక్కుతున్నా."

ఎక్కింది. వెనకాలే నా దొంగ కూడా ఎక్కింది, పిల్లను ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. నాన్న పాచిక వేయమంటే వేసింది. ఒకసారి మరీ తక్కువ పడింది. "కాలు జారింది," అన్నాడు. పిల్ల ఆయన కళ్ళలోకి చూస్తూ, "పడిపోయానని చెప్పకు తాతయ్యా," అంది. ఆయన పాచికను పక్కకు తోశాడు. "జారింది. పట్టుకున్నావు. మోకాలు గీరుకుంది. ఎక్కుతున్నావు."

మంచం మీద తువ్వాలు మడత ఆగిపోయింది.

"పైకొచ్చేశానా?"

"వచ్చేశావు."

"ఏముంది?"

"పొద్దు వాలుతోంది. గాలి వేస్తోంది. గడ్డి." ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కున్నాడు. "గుర్రాలు ఉన్నాయి. చెట్టుకు కట్టేసి ఉన్నాయి."

పిడుగు పెట్టెలో చెయ్యి పెట్టి గొడ్డలివీరుణ్ణి తీసింది. ఎక్కడుందో దానికి ముందే తెలుసు. పటం అంచున గడ్డి గీసిన చోట నిలబెట్టింది. మందం పీట కదా, కదలకుండా నిలబడ్డాడు.

"నాన్న ఏం చేస్తున్నాడు తాతయ్యా?"

నాకు భయం వేసింది. ఉన్నాడంటే వాళ్ళ తలుపు ఈ జన్మకు గొళ్ళెం పడదు. లేడంటే దానికి మిగిలిన ఒక్క చోటూ పోతుంది. ఏదో ఒకటి చెప్పమని నాన్న కాలు తన్నాలనిపించింది, ఏమీ చెప్పొద్దని నోరు మూయాలనిపించింది. గోడ అవతల లిఫ్టు పైకెళ్ళి ఆగింది. ఆయన దాన్ని వినలేదు.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు. అన్నది పిల్లతో కాదు.

వదిన తువ్వాలు పక్కన పెట్టి లేచి వచ్చింది. పెట్టెలోంచి తన విలుకత్తెను వెతికి తీసింది, ఒక చెయ్యి విరిగిపోయి ఉంది. గొడ్డలివీరుడి పక్కన నిలబెట్టింది.

"నేనూ ఎక్కి వచ్చాను," అంది.

"నువ్వు ఆడట్లేదుగా అమ్మా."

"ఇప్పుడు ఆడుతున్నా." కుర్చీ లాక్కోకుండా మోకాళ్ళ మీద కూర్చుని, బొమ్మ ఎత్తుకు మొహం వంచింది. మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఎన్నాళ్ళ నుంచో నిలబడే ఉన్నావు. మేమెవ్వరం వచ్చి చెప్పలేదు. నీ వంతు అయింది. పడుకో. నేను చూసుకుంటా."

ఒక్క మాట వదలకుండా చెప్పింది.

పిడుగు చాలాసేపు బొమ్మను చూసింది. "పడుకున్నాడా?"

"పడుకున్నాడు."

"పొద్దున లేస్తాడా?"

"అమ్మా, వద్దు," అన్నాడు నాన్న వదినతో.

"లేవడు," అంది వదిన.

"గుర్రాల దగ్గరున్నవాళ్ళకి ఏమీ కాదు. రూలు."

"కాపలా ఉన్నంతసేపే కదా తల్లీ. ఇప్పుడు కాపలా నాది."

అది తల్లి మాట అక్కడితో తీసుకోలేదు. రూళ్ళు పెట్టేది తాతయ్య. ఆయన వైపు తిరిగింది. "అంతేనా తాతయ్యా?"

వదిన కూడా ఆయన వైపే చూసింది. నేనూ చూశాను. ఆస్పత్రిలో కన్నీటి చుక్క రాల్చని మనిషి, మట్టిలో పెట్టినప్పుడు కూడా తాళ్ళు సరిగ్గా వదలండని పనివాళ్ళను కసిరిన మనిషి, ఇప్పుడు మనవరాలి ముందు చేతులు బల్ల మీద బోర్లా పెట్టుకుని, "అంతేనమ్మా. నాన్న ఇక లేవడు," అన్నాడు. అని వదిన మడతపెట్టిన తువ్వాలు అందుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నేను వెళ్ళి పట్టుకుని ఉండాల్సింది. కూర్చున్న చోటి నుంచి కదల్లేకపోయాను.

పిడుగు ఏడవలేదు. బొమ్మను పడుకోబెట్టింది. పీట అడ్డొచ్చి బొమ్మ ఏటవాలుగా పక్కకు దొర్లింది, తల నేలకు ఆనలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ దొర్లింది.

"అత్తా, సరిగ్గా పడుకోవట్లేదు. కింద పీట అడ్డమొస్తోంది. తీసెయ్."

నా చేతిసంచిలో రంపం ఉంది, దవడలు కోసే సన్నటి రంపం. తీశాను.

నాన్న తువ్వాలు దించాడు. "వద్దే. విరుగుతుంది. అలా ఉండనీ."

"తియ్యి," అంది వదిన.

పాత ప్లాస్టర్, రాయిలా గట్టిపడింది. ఒకప్పుడు నేనే పట్టుబట్టి మందంగా పోసిన పీట. తల విరగకుండా పిడుగు రెండు వేళ్ళతో పట్టుకుంది. తెల్లటి పొడి పటం మీద, గడ్డి గీసిన చోట రాలింది. పీట ఊడి వచ్చింది. పిడుగు బొమ్మను అందుకుని ఒక్కసారి నిలబెట్టి చూసింది. పడిపోయింది. ఇంకోసారి నిలబెట్టలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, విలుకత్తెను దగ్గరగా జరిపింది.

ఆ వేళ ఇంకెవరూ పాచిక వేయలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంటూ, నాన్న నూనె వేసిన గొళ్ళెం వైపు తలెత్తి చూసింది పిడుగు.

"అమ్మా, ఇవాళ మనింట్లో గొళ్ళెం నేను పెడతా. కుర్చీ వద్దు. నువ్వు ఎత్తుకో."

వదిన దాని చెప్పు పట్టీ సరిచేయడానికి వంగింది. వంగినామె చాలాసేపు లేవలేదు.